మీసాల సింహం బిళ్ళ

ఈ మూడు ఊళ్ళకు పనిగట్టుకొని చూడటానికి వెళ్ళేవాళ్ళు తక్కువ. జనగామ అంటే హైదరాబాద్ దారిలో బస్సు ఆగే చోటు, మహబూబాబాద్ అంటే రైలు కిటికీలోంచి కనిపించే మిర్చి కల్లాలు, భూపాలపల్లి అంటే బొగ్గు. హనుమకొండలో పుట్టి పెరిగిన నాకు కూడా అంతకు మించి తెలియదు. ఇవన్నీ మొన్నమొన్నటి దాకా మా జిల్లాలోవేనని చెప్పుకోవడానికి సిగ్గుపడాలి. మూడు రోజులు తిరిగి వచ్చాను. గుళ్ళూ కోటలూ ఎట్లా ఉన్నాయని మాత్రం నన్ను అడగకండి. నేను చూడటానికి వెళ్ళింది ఒక పోలీసు బిళ్ళ తాలూకు మనిషిని.

మా బాపు కొమురయ్య కానిస్టేబుల్‌గా చేరి ఏఎస్సైగా రిటైరయ్యాడు. పోయిన వానాకాలం కన్నుమూశాడు. దినాలు అయిపోయాక ఆయన ఇనుప పెట్టె తెరిస్తే, అడుగున ఖాకీ గుడ్డలో కట్టిన మూట కనిపించింది. కొలువులో పెట్టుకున్న బిళ్ళలన్నీ దాచుకున్నాడు. మొదటి రోజుల బరువైన ఇత్తడి బెల్టు బిళ్ళ, దాని మీద ఆయన నంబరు 1120. తర్వాత వచ్చిన తెల్ల లోహపు టోపీ బిళ్ళ. భుజం మీది అక్షరాలు. హెడ్ కానిస్టేబుల్ అయినప్పటి మూడు గీతల పట్టీ. చివర, నల్ల ప్లాస్టిక్ మీద తెల్ల అక్షరాల పేరు పలక.

నేను ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో డ్రాయింగ్ టీచర్‌గా చేశాను. గీత కనిపిస్తే దాని వెంబడి కళ్ళు పోకుండా ఉండవు. ఆ వరుసలో ఒకటి కలవలేదు. అదీ ఇత్తడి బెల్టు బిళ్ళే, కానీ నంబరు 731. పైగా దాని మీది మూడు సింహాలకు గుడ్లు ఉబ్బి, మీసాలు మెలి తిరిగి ఉన్నాయి. నరసింహస్వామి కొలువులో చేరినట్టుంది.

మా తమ్ముడు బ్యాంకులో పనిచేస్తాడు. అన్నిటినీ ఒక ఫ్రేములో కట్టించి గోడకు పెడదామన్నాడు. ముందు ఈ 731 ఎవరో తేలాలి, వాళ్ళది వాళ్ళకు ఇచ్చేయాలి, ఆ తర్వాతే ఫ్రేము అన్నాను. "నీకు పట్టుకున్నదంటే ఇడువవు గదా అక్కా" అన్నాడు. ఆ మాట నిజమే, ఈసారీ విడువలేదు.

బాపు దినాలకు వచ్చిన పాత కొలువు మనిషి ఒక్కడే, మహబూబాబాద్ వీరారెడ్డి గారు. ఆయన ఠాణాలో రైటర్‌గా, అంటే కాగితాలు రాసే పనిలో ఉండేవాడు. ఫోన్ చేసి 731 ఎవరని అడిగాను. "ఫోన్ల చెప్పే ముచ్చట గాదు బిడ్డా. రేపు నేను మరిపెడ దిక్కు చేనుకు పోవాలె. ఎల్లుండి ఇంటికి రా" అన్నాడు. మధ్యలో ఒక రోజు ఖాళీ దొరికింది. బాపు యూనిఫాం కుట్టించుకునే దుకాణం జనగామలో ఉంది కాబట్టి ముందు అటు బయలుదేరాను.

జనగామ

ఆడవాళ్ళకు బస్సు ఉచితమని ధైర్యంగా ఎక్కాను. ఆధార్ కార్డు ఇంట్లో టీవీ మీద ఉండిపోయింది. కండక్టర్ నా చేతి సంచిలో బిళ్ళలు చూసి, "డిపార్ట్‌మెంటా మేడం?" అని అడిగాడు. అవునంటే ఏమయ్యేదో కానీ, కాదన్నాను. టికెట్ కొనక తప్పలేదు.

కరీం భాయ్ దుకాణం స్టేషన్ రోడ్డులో ఉంది. డెబ్బై దాటిన మనిషి, మెడలో టేపు. గోడకు ఒక అద్దాల చట్రం, దాని నిండా బిళ్ళలు. దేనికీ చీటీ లేదు, వాటి వివరాలన్నీ ఆయన నోటిలోనే ఉన్నాయి. నేను వెళ్ళేసరికి ఒక పడుచు కానిస్టేబుల్ స్టూలు మీద కూర్చుని చొక్కా కోసం ఎదురుచూస్తోంది. భుజం మీద టీఎస్ తీసి టీజీ పెట్టించుకుంటోంది.

"నిజాం జమానాల ఉర్దూ హరూఫులు, అంటే అక్షరాలు అమ్మా, గీ పైన దస్తారు, నిజాం తలపాగ లెక్క ఉంటుండె. గది మా అబ్బా కాలంది. తర్వాత ఇంగ్లీషు అక్షరాలు. ఆంధ్రప్రదేశ్ అయినంక ఏపీ. మన రాష్ట్రం అచ్చినంక టీఎస్. ఇగ గిప్పుడు టీజీ. నేను కుట్టిన భుజాలే రెండుసార్లు మారినయి, భుజాలు మాత్రం గవే" అన్నాడు కరీం భాయ్.

నేను ఆ చట్రం ముందు చాలాసేపు నిలబడ్డాను. పాతవి పోత పోసినవి, అరచేతిలో పెడితే బరువు తెలుస్తుంది. తర్వాతవి అచ్చు కొట్టినవి, ఆ తర్వాత మెరుగు పూసినవి, ఇప్పుడు గుడ్డ మీద కుట్టి అతికించేవి. బరువు తగ్గుతూ వచ్చింది. ఇంకోటి కూడా గమనించాను. పాత బిళ్ళల మీద నంబరు పెద్దది, పేరు అసలు లేదు. కొత్త చొక్కా మీద పేరే ముందు కనిపిస్తుంది. ఆ అమ్మాయిని నీ నంబరు ఎంతమ్మా అని అడిగితే ఒక్క క్షణం ఆలోచించి చెప్పింది.

"నంబరు వెట్టి పిలిచేటోళ్ళు ఎవరున్నరు మేడం? పేరు సదివి పిలుస్తరు. తిట్టినా పేరు వెట్టే తిడుతరు" అని నవ్వింది.

మా బాపును ఆయన దోస్తులు చివరిదాకా పదకొండు ఇరవై అనే పిలిచేవారు.

731ను కరీం భాయ్ చేతిలో పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకోకముందే, "గిది సర్కారు మాల్ కాదు. ఇంత అల్కగ ఉండదు. రేకు కొట్టి చేసిండ్రు" అన్నాడు. అద్దాలు పెట్టుకున్నాక సింహాలను చూసి కానిస్టేబుల్ అమ్మాయికి చూపించాడు. ఇద్దరూ పడీపడీ నవ్వారు. "పెంబర్తి పని. ఇంకెవరు చేస్తరు ఇసొంటి మీసాలు? పొయ్యి అడుగుండ్రి."

చాయ్ తెప్పించాడు. మా హనుమకొండలో పదిహేను, ఇక్కడ పది, అల్లం మాత్రం ఇక్కడే ఎక్కువ.

పెంబర్తి

జనగామ నుంచి షేర్ ఆటోలో పెంబర్తి ఎంతోసేపు పట్టదు. ఊరు చేరకముందే సుత్తి చప్పుడు వినిపిస్తుంది. ఒక ఇత్తడి పని వాళ్ళింటి ముందు నిలబడి బిళ్ళ చూపిస్తే, మూడో ఇంటికి వెళ్ళమన్నారు. అక్కడ చంద్రమౌళి చారి అనే ఆయన లక్క పరిచిన పీట మీద ఇత్తడి రేకు పెట్టి, చిన్న ఉలితో వెనక నుంచి కొడుతున్నాడు. ముందు వైపు నెమలి ఉబ్బి వస్తోంది. అరవై ఏళ్ళుంటాయి. బిళ్ళ తీసుకుని వెనక్కి తిప్పి, ఉలి దెబ్బలు చూశాడు.

"గిది మా నాయిన చెయ్యి. నాకు యాదికున్నది. గప్పుడు నేను తిత్తి ఊదుతుంటి" అన్నాడు. తర్వాత నన్ను ఎగాదిగా చూశాడు. "పోలీసాయన బిడ్డవా?"

ఆయన చెప్పింది ఇది. వానాకాలం. ఒక కానిస్టేబుల్ లారీ దిగి, తడిసి ముద్దయి వచ్చాడు. పాలకుర్తి దిక్కు బందోబస్తుకు వెళ్ళి ఏరు దాటుతుంటే బెల్టు బిళ్ళ ఊడి నీళ్ళలో పడిపోయిందట. పడింది తన బిళ్ళ కాదు. బ్యారక్‌లో ఇద్దరి బెల్టులూ ఒకే మేకుకు వేలాడుతుంటాయి, తెల్లవారుజామున తొందరలో దోస్తు బెల్టు కట్టుకొచ్చాడు. దోస్తు సెలవు మీద ఉన్నాడు, రెండు రోజుల్లో వస్తాడు. ఆలోగా అట్లాంటిదే ఇంకోటి కావాలని బతిమాలాడు.

"మాదిరికి ఏమిచ్చిండు?" అని అడిగాను.

"తన బిళ్ళనే. బ్యారక్ల ఇడిసిన తన బెల్టుది. సగం దూరం అచ్చినంక మాదిరి కావాలని యాదికొచ్చి, మళ్ళ ఎనుకకు మర్లి పొయ్యి జేబుల ఏసుకొని తెచ్చిండట పాపం. గని దాని మీద సింహాల మొఖాలు లేవు. రోజు ఇటుక పొడితోని తోమి తోమి అరిగి గుండ్రాళ్ళ లెక్కున్నయి. ఇగ మా నాయిన చెయ్యికి ఏ సింహం తెలుసో గదే చెక్కిండు. గుడి తలుపులకు, వాహనాలకు చేసే చెయ్యి గదా."

నేను మూటలోంచి 1120 తీసి చూశాను. నిజమే. నిక్కచ్చిగా ఉండాల్సిన మూడు మొహాలూ నున్నగా ఉన్నాయి. మా బాపు బిళ్ళ తోమడం నాకు గుర్తుంది. ఆదివారం వాకిట్లో కూర్చుని అరగంట తోమేవాడు. అంత శ్రద్ధగా తోమకపోయి ఉంటే చారి గారి నాన్నకు సరైన సింహం దొరికేది.

"మరి ఈ బిళ్ళ మా ఇంట్ల ఎట్ల ఉన్నది? దోస్తుకు ఇయ్యలేదా?"

"ఇచ్చే ఉంటడు. రెండు చేసినం గద! మా ఇంట్ల సింహాన్ని ఒంటిగ చెయ్యరు. తలుపుకు అటొకటి ఇటొకటి, ఎప్పుడు చేసినా జంటనే. మా నాయిన గదే పట్టుకున్నడు. ఒద్దు సామీ ఒక్కటి సాలు అని మీ బాపు ఎంత మొత్తుకున్నా ఇనలే. రెండోదానికి పైస తీసుకోలే."

నాకు నవ్వాగలేదు. ప్రభుత్వ ముద్రను గుడి లెక్కన జంటగా చేసి ఇచ్చిన మనిషి, అది మోసుకుంటూ వానలో లారీ ఎక్కిన మా బాపు, ఇద్దరూ కళ్ళకు కట్టారు. దోస్తు బిళ్ళ పోతే అంత తిప్పలు పడ్డాడని ఆ సాయంత్రం బాపు మీద ఎంతో ప్రేమ కలిగింది. ఆ ప్రేమ మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంది.

పాలకుర్తి మీదుగా

మర్నాడు బస్సు పాలకుర్తి, తొర్రూరు మీదుగా వెళ్ళింది. కావాలనే ఆ దారి ఎంచుకున్నాను. రోడ్డుకు రెండు పక్కలా వరి, పత్తి. దారిలో ఒక వాగు మీద వంతెన కనిపిస్తే బాపు దాటిన ఏరు ఇదేనా అని పక్కన కూర్చున్న అవ్వను అడిగాను. ఆమెకు నా గోల ఏం తెలుసు? "గప్పుడు వాగులన్నీ ఏర్లే బిడ్డా, గిప్పుడు ఏర్లన్నీ రోడ్లే" అని, సంచిలోంచి రెండు సీతాఫలాలు తీసి నా ఒళ్ళో పెట్టింది. ఒద్దంటే కోప్పడింది.

తొర్రూరులో దిగబోతుంటే చెప్పు తెగింది. చెప్పులు కుట్టే అక్క చెట్టు కింద లేదు, పెండ్లికి పోయిందని పక్క దుకాణంవాళ్ళు చెప్పారు. పిన్నీసు పెట్టుకుని మహబూబాబాద్‌లో దిగాను. డ్రాయింగ్ టీచరు అవతారం అంతకంటే అందంగా ఉండనవసరం లేదు.

మహబూబాబాద్

ఇక్కడివాళ్ళు ఊరిని మానుకోట అంటారు. వీరారెడ్డి గారింటికి దారి అడిగితే ముగ్గురు మూడు సందులు చెప్పారు, మూడూ సరైనవే. వాకిట్లో బస్తాల మీద ఎండుమిర్చి పోసి ఉంది. గేటు తీస్తూనే నాకు తుమ్ములు మొదలయ్యాయి.

ఆయన భార్య రామక్క ముందు అన్నం తినమంది. జొన్న రొట్టె, పచ్చిపులుసు, మిర్చి తొక్కు. మా ఇంట్లో పచ్చిపులుసులో బెల్లం ముక్క వేస్తాం. ఆ మాట చెబితే రామక్క చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "బెల్లమా! చిన్నపిల్లలకు పోస్తరా ఏంది?" అంది. తొక్కు మొదటి ముద్దకే నా కళ్ళు నీళ్ళు పెట్టుకున్నాయి. ఆ తర్వాత విన్నదానికి వచ్చిన నీళ్ళకు తొక్కు కారణం కాదు.

వీరారెడ్డి గారు బిళ్ళను ముట్టుకోలేదు. బల్ల మీద ఉండనిచ్చి దూరం నుంచే చూశాడు.

"గిదే గిది. దీని తోడుదే ఇన్‌స్పెక్షన్ల దొరికింది" అన్నాడు.

731 పేరు సర్వర్ మియా. బాపూ ఆయనా ఒకే బ్యారక్, ఒకే పొయ్యి. పేరు వినగానే నాకూ గుర్తొచ్చింది. బాపుతో కలిసి మా ఇంటికి వచ్చేటప్పుడు జేబుల నిండా జామకాయలు తెచ్చే మనిషి. ఒక ఏడాది తర్వాత రావడం మానేశాడు. ఎందుకని నేను ఎప్పుడూ అడగలేదు.

"ఏడాదికోసారి పెద్ద సారు వచ్చి వరుసల నిలవెట్టి చూస్తడు. సర్వర్ కాడ ఆగిండు. బెల్టు చూసిండు. ఇంకింత వంగి చూసిండు. ఏందిరా గీ మీసాలు అన్నడు. వరుసల ఒగలిద్దరు నవ్విండ్రు. నవ్వుడే తప్పయింది. సర్కారు గుర్తును నకలు చేసినవ్ అని సస్పెండు చేసిండ్రు. నాకు తెల్వదు సార్, సెలవుల నుంచి అచ్చి మేకుకున్న బెల్టు కట్టుకున్న, గంతే అని మొత్తుకున్నడు. ఎవరు నమ్ముతరు? కాయితం రాసింది నేనే."

"బాపు ఎక్కడున్నడు అప్పుడు?"

వీరారెడ్డి గారు రామక్క వైపు చూశాడు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

"గదే వరుసల. సర్వర్ పక్కన."

నేను బల్ల మీది బిళ్ళను బోర్లా తిప్పాను.

"మీ బాపు చేయించిండని నాకు గప్పుడు తెల్వదు బిడ్డా. రిటైరు అయినంక ఒకపారి నా ముంగట ఏడ్చిండు. సస్పెన్షన్ ఎత్తేసినంక సర్వర్‌ను భూపాలపల్లి దిక్కు అడివిల ఏసిండ్రు. ప్రమోషన్ ఆగింది. గట్లనే కానిస్టేబుల్‌గ దిగిపోయిండు. గా ఏడు హెడ్ కానిస్టేబుల్ లిస్టుల సర్వర్ పేరు ముంగట, మీ బాపుది ఎనుక ఉండె. సర్వర్ది తీసేస్తే మీ బాపుది లోపలికి అచ్చింది."

ఆ మూడు గీతల పట్టీ నా సంచిలోనే ఉంది. అది భుజానికి కుట్టించుకుని బాపు ఇంటికి వచ్చిన రోజు వాడకట్టంతా లడ్డూలు పంచాడు. నేనే పళ్ళెం పట్టుకుని తిరిగాను. నేనూ రెండు తిన్నాను. ఆ సంగతి గుర్తొచ్చి, ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. బాపు మీద కోపం వచ్చింది. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు.

"ఇంకో మాట గూడ ఇను" అన్నాడు వీరారెడ్డి గారు. "సర్వర్‌కు ఒక తమ్ముడు, ఖాదర్. నాటకాల పిచ్చి. పోలీసు ఏషం ఏసినప్పుడల్ల అన్న బెల్టు అడిగి కొంచవోతుండె. నాటకాలోళ్ళ కాడ ఉత్తుత్తి బిళ్ళలు ఉంటయి గద. అసలుది పోగొట్టి గిది పెట్టింది తమ్ముడే అని సర్వర్ పట్టుకున్నడు. ఖాదర్ ఖురాను మీద ఒట్టేసినా ఇనలే. అన్నదమ్ములు మాట్లాడుకోక నలభై అయిదేండ్లు దాటింది. ఒక్క ఊర్లనే ఉంటరు."

"ఇద్దరూ ఉన్నరా?"

"ఉన్నరు. ఘనపూర్ల."

"ఏ ఘనపూర్?"

"ములుగు ఘనపూర్, భూపాలపల్లి కాడిది. నువ్వు స్టేషన్ ఘనపూర్ల దిగేవు సుమా."

ఆ రాత్రి వాళ్ళింట్లోనే పడుకునే ముందు తమ్ముడికి ఫోన్ చేసి అంతా చెప్పాను. వాడు బతిమాలాడు. "బాపు పోయి ఏడాది కాలే. ఇప్పుడు వాళ్ళకు చెప్పి ఏం సాధిస్తవు అక్కా? ఆయన పేరు చెడగొట్టుడే గదా. ఇంటికి రా."

బాపు పేరు నిలబెట్టడానికి ఇంకొకడు తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు, ఇంకా పోగొట్టుకునే ఉన్నాడు. నా తమ్ముడు నాతో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, ఖాదర్‌తో వాళ్ళన్న మాట్లాడడం లేదు. అదే చెప్పి పెట్టేశాను. బిళ్ళ ఇచ్చి వద్దామని బయలుదేరినదాన్ని. ఇప్పుడు ఇవ్వాల్సింది బిళ్ళ కాదు. వాళ్ళు తిట్టనీ, తలుపు వేయనీ, చెప్పే వస్తానని నిర్ణయించుకున్నాను.

భూపాలపల్లి

నర్సంపేట, ములుగు మీదుగా మూడు బస్సులు మారి భూపాలపల్లి చేరేసరికి పదకొండు. బొగ్గు లారీలు ఒకదాని వెనక ఒకటి. హోటల్లో ఇడ్లీ ముప్పై రూపాయలు, పైన సన్నటి నల్లపొడి ఉచితం. వడ్డించే కుర్రాడు నా మొహం చూసి, "మాకు అలవాటే మేడం, చట్నీల కలిసిపోతది" అన్నాడు. కలుపుకుని తినేశాను. ధైర్యం కావాలంటే కడుపులో ఏదో ఒకటి ఉండాలి.

ఊరిలో ప్రతి రెండో మనిషి చొక్కా మీద ఏదో ఒక బిళ్ళ ఉంది. గని కార్మికుల గుర్తింపు కార్డులు, కాపలావాళ్ళ భుజం పట్టీలు, బడి పిల్లల మెడలో తాళ్ళు. అందరి మీదా పేర్లే. ఇంకోసారైతే ఆగి గీసుకునేదాన్ని. ఆ రోజు నేరుగా ఘనపూర్ బస్సు ఎక్కాను.

ఘనపూర్

సర్వర్ మియా ఇల్లు మసీదు వెనక సందులో ఉంది. ఆయన కూతురు షాహీన్ నన్ను లోపలికి పిలిచి కుర్చీ వేసింది. ఆయన మంచం మీద కూర్చుని కత్తెరతో గడ్డం సరిచేసుకుంటున్నాడు. ఎనభై ఏళ్ళ మనిషి వీపు నిటారుగా ఉంది. నేను కొమురయ్య బిడ్డనన్నాను.

"పదకొండు ఇరవై బిడ్డవా!" మొహమంతా వెలిగింది. "పోయిండని ఇన్న బిడ్డా. మోకాళ్ళు సతాయిస్తున్నయి, రాలేకపోయిన. షాహీన్, చాయ్ పెట్టు. చెక్కర ఎక్కువెయ్యి, గీ పిల్ల జామకాయ గూడ చెక్కర అద్దుకొని తింటుండె."

చాయ్ వస్తే తాగాల్సి వస్తుంది, తాగితే చెప్పలేను. బిళ్ళ తీసి ఆయన అరచేతిలో పెట్టాను.

బొటనవేలితో నంబరు మీద రుద్దాడు. ఏడు, మూడు, ఒకటి. తర్వాత సింహాలను తడిమాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"గిది వాళ్ళు జప్తు చేసిండ్రు గదా. నీ కాడ ఎట్ల?"

చెప్పాను. బందోబస్తు, ఒకే మేకు, ఏరు, పెంబర్తి, అరిగిన మొహాలు, జంట. పక్కన నిలబడి నోరు విప్పని బాపు. దేనికీ మెరుగు పెట్టలేదు, ఎక్కడా బాపును వెనకేసుకు రాలేదు. చివర, "మీ తమ్ముడు చెయ్యలే" అన్నాను.

షాహీన్ చాయ్ గ్లాసులతో గుమ్మంలో నిలబడిపోయింది. సర్వర్ మియా కత్తెర తీసి దిండు పక్కన పెట్టాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"ఇంకోపారి చెప్పు" అన్నాడు.

మళ్ళీ చెప్పాను. ఈసారి మధ్యలో ఏడ్చాను. ఆయన ఏడవలేదు. కర్ర అందుకుని లేచాడు. టోపీ పెట్టుకున్నాడు. "నడువు" అన్నాడు.

షాహీన్, "ఎటు అబ్బా?" అంది. చాయ్ గ్లాసులు కింద పెట్టి ఆమె కూడా చెప్పులు వేసుకుంది.

నాలుగు సందుల దూరం. ఆయన మోకాళ్ళతో అది పావుగంట పట్టింది. దారిలో అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడి చూశారు. సర్వర్ మియా ఆ వైపు నడవడం వాళ్ళెవరూ ఎన్నడూ చూసినట్టు లేదు. పంచరు దుకాణం ముందు ఆగాడు. లోపల నెరిసిన జుట్టు మనిషి ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. తలెత్తి అన్నను చూసి, మళ్ళీ నీళ్ళలోకి చూశాడు.

"ఖాదర్" అన్నాడు సర్వర్ మియా. నా వైపు తిరిగి, "నాకు చెప్పినట్టే చెప్పు. ఒక్క ముక్క ఇడువకు" అన్నాడు.

మూడోసారి చెప్పాను. ఖాదర్ ట్యూబు పట్టుకునే విన్నాడు. అయిపోయాక బిళ్ళ అడిగి తీసుకుని, వెలుతురుకు పట్టి సింహాలను చూశాడు.

"నలభై నాటకాలు ఏసిన. ఏ నాటకంల గూడ ఇంత అన్యాలమైన బిళ్ళ పెట్టుకోలే" అన్నాడు. అన్న వైపు చూశాడు. ఆ తర్వాత వాళ్ళు ఉర్దూలో అనుకున్నారు. నాకు అర్థమైనంత తెలుగులో రాస్తున్నాను.

"అమ్మ జనాజా ఎత్తిన రోజు పాడెకు నన్ను భుజం పట్టనియ్యలే నువ్వు."

"అవును."

"నలుగురిల. నా చెయ్యి తీసేసినవ్."

"అవును. తీసేసిన." సర్వర్ మియా కర్ర వదిలేసి తొట్టి అంచు పట్టుకున్నాడు. "నేను పోయినప్పుడు ముంగట నువ్వే పట్టాలె, ఖాదర్."

ఖాదర్ లేచాడు. తడి చేతులు లుంగీకి తుడుచుకుని, తను కూర్చున్న స్టూలు తెచ్చి అన్న వెనక వేసి, భుజాలు పట్టి కూర్చోబెట్టాడు.

"నువ్వే ముందు పోతవని నీకెవడు చెప్పిండు?" అన్నాడు.